వెలుగు చెప్పే సాక్ష్యం

చేతిలో పట్టే వర్ణపట పరికరాలు బడి ల్యాబుల్లోకి రావాల్సిన సమయం వచ్చింది. వాటిలో ఏది ముందు రావాలి, ఏది తర్వాత రావాలి అన్న దాని మీదే పిల్లలు నేర్చుకునేది ఆధారపడి ఉంది.

నగల దుకాణంలో పాత గాజు మార్చుకోవడానికి ఇస్తే, దాన్ని ఒక చిన్న పెట్టెలో పెట్టి మూత వేస్తారు. కాసేపట్లోనే తెర మీద బంగారం ఇంత శాతం, రాగి ఇంత, వెండి ఇంత అని అంకెలు వచ్చేస్తాయి. గీటురాయి మీద గీసి, కంసాలి కన్ను చెప్పినదాన్ని నమ్మిన కాలం చాలావరకు పోయింది. 2021 జూన్‌లో హాల్‌మార్కింగ్ దశలవారీగా తప్పనిసరి కావడం మొదలయ్యాక ఈ పెట్టె గురించి తెలియనివారు తక్కువ. లోహం మీదికి ఎక్స్ కిరణాలు పంపి, అందులోని పరమాణువులు బదులుగా వెలువరించే కిరణాల శక్తిని అది కొలుస్తుంది. ఏ మూలకం వెలువరించే శక్తులు ఆ మూలకానివే. గుంటూరు మిర్చి ఎగుమతిదారులు లెక్కలోకి తీసుకునే ‘ఆస్టా’ రంగు విలువ వెనుక ఉన్నదీ ఈ శాస్త్రమే. మిరప రంగును అసిటోన్‌లోకి దించి, అది 460 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచి ఆ విలువ కడతారు. 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువం దాపున ప్రజ్ఞాన్ రోవర్ గంధకం జాడ పట్టుకున్నది కూడా, లేజర్ దెబ్బకు మట్టి నుంచి లేచిన మెరుపులోని తరంగదైర్ఘ్యాలను చదివే. దుకాణం నుంచి చంద్రుడి దాకా ఇంతగా అల్లుకుపోయిన ఈ వర్ణపట శాస్త్రం మన బడి పిల్లలకు మాత్రం పాఠ్యపుస్తకంలో ఒక రంగుల బొమ్మగా, పరీక్షకు ముందు బట్టీపట్టే నాలుగు వాక్యాలుగా మిగిలిపోయింది.

ఆ దూరాన్ని చెరిపేసే అవకాశం ఇప్పుడు చేతికి అందేంత దగ్గరికి వచ్చింది. ఒకప్పుడు యూనివర్సిటీ ల్యాబులో బల్ల నిండా పరుచుకున్న యంత్రం చేసే పనిలో కొంత భాగాన్ని ఇప్పుడు పిడికిట్లో పట్టే పరికరం చేస్తోంది. అట్టముక్క, పాత డీవీడీ, సెల్‌ఫోన్ కెమెరా కలిపితే పనికొచ్చే వర్ణపటమాపకం తయారవుతుంది. అటల్ టింకరింగ్ ల్యాబులున్న బడుల్లో ఆర్డ్యూనో బోర్డులు ఇప్పటికే ఉన్నాయి. వాటికి తగిలించే ఏఎస్7341 అనే చిన్న చిప్ దృశ్యకాంతిని 415 నుంచి 680 నానోమీటర్ల మధ్య ఎనిమిది పట్టీలుగా విడదీసి కొలుస్తుంది. కాబట్టి ఈ పరికరాలు బడికి వస్తాయా అన్న ప్రశ్నకు కాలం చెల్లినట్టే. ఎలా రావాలన్నదే ఇప్పుడు తేల్చుకోవాలి. ఈ వ్యాసం చెప్పదలచిన మాట ఒక్కటే: పరికరం పిల్లల ముందు సాక్ష్యం పెట్టాలి, తీర్పు పిల్లలు చెప్పాలి. వెలుగును విప్పి చూపించే పరికరంతో మొదలుపెడితే సైన్సు చదువు మారుతుంది. పేరూ శాతమూ తనే ప్రకటించే పెట్టెతో మొదలుపెడితే, బట్టీపట్టడానికి పాఠ్యపుస్తకంతో పాటు మరో వస్తువు తోడవుతుంది.

గుంటూరు ఆకాశంలో ఒక పసుపు గీత

ఈ శాస్త్రం పుట్టిన తీరులోనే ఆ మాటకు ఆధారం ఉంది. 1850లలో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో రాబర్ట్ బున్సెన్ లవణాలను మంటలో పెట్టి, వచ్చే రంగును బట్టి మూలకాలను గుర్తించే ప్రయత్నం చేస్తున్నాడు. మన ఇంటర్ విద్యార్థులు లవణ విశ్లేషణలో ఇప్పటికీ చేసే జ్వాలా పరీక్ష అదే. చిక్కల్లా కంటితోనే వచ్చింది. లిథియం మంట ఎరుపు, స్ట్రాన్షియం మంటా ఎరుపే. చిటికెడు సోడియం కలిసిందంటే దాని పసుపు ముందు పొటాషియం ఊదా వెలవెలబోతుంది. బున్సెన్ రంగుటద్దాలు అడ్డుపెట్టి తంటాలు పడుతుంటే, ఆ వెలుగును పట్టకంలోంచి పంపి చూడమని సహచరుడు గుస్తావ్ కిర్కాఫ్ సలహా ఇచ్చాడు. ఒకే ఎరుపుగా కనిపించినవి అక్కడ విడిపోయాయి. లిథియం 671 నానోమీటర్ల దగ్గర ఒక ఎర్రటి గీతగా నిలిచింది. స్ట్రాన్షియం ఎరుపు, నారింజ రంగుల్లో అనేక పట్టీలతో పాటు 461 దగ్గర ఒక నీలి గీతను కూడా చూపింది. ఆ పద్ధతితోనే వాళ్లిద్దరూ 1860లో సీజియంను, 1861లో రుబీడియంను కనుగొన్నారు. కన్ను ఒకటే అన్న రెండింటిని గీతలు వేరని చూపించాయి. గీతలను చూసి మూలకం పేరు చెప్పింది మాత్రం మనుషులే, ఒకదానితో ఒకటి పోల్చుకుని.

ఇంకొన్నేళ్లకే ఈ కథ తెలుగు నేల మీదికి వచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులతో సిద్ధంగా ఉన్నారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగు ముక్కలు ముక్కలుగా, మెరిసే గీతలుగా కనిపించింది. వాటిలో ఒకటి పసుపు రంగులో ఉంది. పసుపు గీత అనగానే సోడియం అనుకోవడం సహజం, అలా అనుకున్నవారూ ఉన్నారు. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఈ కొత్త గీత 587.6 దగ్గర ఉంది. తేడా రెండు నానోమీటర్లు కూడా లేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకయర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూశాడు. భూమ్మీద తెలిసిన ఏ మూలకంతోనూ అది కుదరకపోవడంతో కొత్త మూలకం ఉందన్న ఊహకు హీలియం అని పేరు పెట్టారు. 1895లో విలియం రామ్జే ఒక యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే గీతను పట్టుకునేదాకా, అంటే 27 ఏళ్ల పాటు, ఆ పేరు అనుమానాల మధ్యే బతికింది. గీత ఎక్కడ ఉంది, నా పరికరం ఎంత సన్నటి తేడాను పట్టగలదు, తెలిసినవాటిలో దేనితో ఇది సరిపోతుంది, దేనితోనూ సరిపోకపోతే ఏమనాలి? ఈ నాలుగు ప్రశ్నలే వర్ణపట శాస్త్రం. ఈ ప్రశ్నలు అడగనివ్వని పరికరం ఎంత ఖరీదైనదైనా ఆ శాస్త్రాన్ని నేర్పలేదు.

చిన్న పరికరం అంటే చిన్న సైన్సు అనుకోనక్కర్లేదు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ చెదిరిన కాంతిలో కొత్త రంగు విడిగా ఉందని ధ్రువపరచుకున్నది, కంటికి పెట్టుకుని నేరుగా చూసే చిన్న వర్ణపటదర్శినితో. ఆ రామన్ బాల్యమూ బడి చదువూ విశాఖపట్నంలోనే సాగాయి. ఏటా ఫిబ్రవరి 28ని జాతీయ విజ్ఞాన దినోత్సవంగా మన బడులన్నీ జరుపుకుంటాయి. ఉపన్యాసాలు, క్విజ్ పోటీలు, చార్టులు అన్నీ ఉంటాయి. ఆ రోజు రామన్ చేతిలో ఉన్నలాంటి వస్తువును ఒక్కసారైనా కంటికి పెట్టుకునే అవకాశం మాత్రం ఎక్కువమంది పిల్లలకు రాదు.

మూడు మెట్లు, మూడు రకాల పరికరాలు

బడికి అందుబాటులో ఉన్న పరికరాలను మూడు వర్గాలుగా చూడాలి. మొదటిది విప్పిన పరికరం. నల్ల అట్టతో చేసిన డబ్బా, ఒక వైపు రెండు బ్లేడు అంచుల మధ్య సన్నటి చీలిక, మరో వైపు డీవీడీ ముక్క. డీవీడీ మీది గాళ్ల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరుకు దాదాపు 1,350 గీతలు. సీడీలో ఆ దూరం 1.6 మైక్రోమీటర్లు, మిల్లీమీటరుకు 625. అందుకే డీవీడీ రంగులను ఎక్కువ దూరం విడదీస్తుంది. అమెరికాలో పబ్లిక్ ల్యాబ్ అనే సంస్థ మడిచి చేసుకునే ఇలాంటి అట్ట వర్ణపటమాపకాన్ని సెల్‌ఫోన్‌కు తగిలించేలా రూపొందించి 2012లో సామాన్యుల నుంచే చందాలు సేకరించింది. ఇందులో దాచినదేమీ లేదు. చీలిక వెడల్పు చేస్తే గీతలు అలికేసినట్టవుతాయి, సన్నం చేస్తే స్పష్టంగా వస్తాయి కానీ వెలుగు తగ్గుతుంది. పరికరం ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠం పరికరంలోనే ఉంది. రెండో వర్గం గ్రాఫు గీసే పరికరాలు. వెర్నియర్, పాస్కో వంటి కంపెనీలు బడుల కోసమే చేసినవి, పైన చెప్పిన చిప్‌తో మనమే కట్టుకోగలిగినవి ఇందులోకి వస్తాయి. ఇవి ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి ఉందో చూపిస్తాయి. అర్థం మనమే చెప్పుకోవాలి.

మూడో వర్గం తీర్పు చెప్పే పరికరాలు. వస్తువు మీద పెట్టి మీట నొక్కితే ‘ఇది ఫలానా, ఇంత శాతం’ అని ఫోన్‌లో చెబుతాయి. ఎక్కువగా దృశ్యకాంతికి దగ్గరి పరారుణ కాంతిని వాడతాయి. ఆ ప్రాంతంలో నీరు, కొవ్వు, పిండిపదార్థాల శోషణలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి, విడి గీతలు కనిపించవు. అందుకని అవి ముందే పోగుచేసిన వేల నమూనాలతో పోల్చి, గణిత నమూనా సాయంతో అంచనా కడతాయి. 2014లో ఇజ్రాయెల్‌కు చెందిన కన్స్యూమర్ ఫిజిక్స్ అనే కంపెనీ ‘సియో’ పేరుతో అలాంటి చేతి పరికరానికి చందాలు పిలిస్తే 27 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆహారమూ మాత్రలూ ఏమిటో ఫోనే చెప్పేస్తుందన్న ఆశకు ఉన్న గిరాకీ అది. కర్మాగారంలో, మందుల గోదాములో ఇవి గొప్పగా ఉపయోగపడతాయి, ఎందుకంటే అక్కడ వచ్చే సరుకు ఏమిటో ముందే తెలుసు, నమూనాలు దానికోసమే సిద్ధం చేసుకుంటారు. తొమ్మిదో తరగతి పిల్ల చేతిలో పెడితే మాత్రం, తనకు తెలియని నమూనాల గుట్టతో పోల్చి చెప్పిన జవాబును ఆమె నమ్మడమో మానడమో తప్ప పరీక్షించలేదు. ఇదే కోవకు చెందిన, చెదిరిన కాంతిని చదివే చేతి రామన్ పరికరాల్లోని లేజర్లు కంటికి ప్రమాదం. బంగారం పరీక్షించే ఎక్స్‌రే పెట్టెలు అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణలో ఉండాల్సినవి. వాటిని బడి పిల్లలకు ఇచ్చే ఆలోచనే వద్దు. కోరుకోవాల్సింది మొదటి రెండు వర్గాలే, ఆ వరుసలోనే.

తరగతి గదిలో ఏం జరగాలి

మొదటి పాఠానికి పైసా ఖర్చు లేని దీపాలు చాలు. ట్యూబ్‌లైటు తెల్లగానే ఉంటుంది, ఎల్‌ఈడీ బల్బూ తెల్లగానే ఉంటుంది. అట్ట డబ్బాలోంచి చూస్తే రెండింటి గుట్టూ బయటపడుతుంది. ట్యూబ్‌లైటులో పాదరసం గీతలు ఊదా నీలంలో 436, ఆకుపచ్చలో 546 నానోమీటర్ల దగ్గర పదునుగా నిలబడతాయి. ఎల్‌ఈడీలో 450 ప్రాంతంలో నీలం గుట్టగా లేచి, ఆ తర్వాత పసుపు చుట్టూ వెడల్పాటి దిబ్బ పరుచుకుంటుంది, ఎందుకంటే అందులో ఉన్నది నీలి దీపం, దానిమీద పసుపు వెలుగునిచ్చే పూత. కొవ్వొత్తి మంటలో రంగులు తెగకుండా సాగిపోతాయి. ముందు చూసింది బొమ్మ గీయాలి, తర్వాతే ఫోన్‌లో ఫొటో తీయాలి. ఆ ఫొటోలో రెండు పాదరసం గీతలు ఎన్నో పిక్సెల్ దగ్గర ఉన్నాయో గుర్తించి, తరంగదైర్ఘ్యాలతో జతచేస్తే రెండు బిందువులు వస్తాయి. రెండు బిందువుల గుండా గీసిన సరళరేఖ మిగతా గీతలన్నిటి తరంగదైర్ఘ్యాన్నీ దాదాపుగా చెబుతుంది. లెక్కల పీరియడ్‌లో రేఖీయ సమీకరణం ఎందుకని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు దొరకదు. ఆ సమీకరణంతో ట్యూబ్‌లైటులోని ఎర్ర గీత ఎక్కడుందో లెక్కకట్టమనాలి. మూడు రంగుల పూత ఉన్న దీపమైతే 611 దగ్గర రావాలి. కొందరికి 605 వస్తుంది, కొందరికి 618. ఎందుకొచ్చింది తేడా అన్న చర్చతోనే అసలు పాఠం మొదలవుతుంది. సూర్యుడి వైపు మాత్రం పరికరాన్ని ఎప్పుడూ తిప్పకూడదు, పగటి ఆకాశపు వెలుతురు చాలు.

రెండో పాఠం శోషణ. మందార రేకుల రసం ఆమ్లంలో ఎర్రబారడం, సబ్బునీటిలో పసుపు ఎర్రబడటం మన పిల్లలు ఏడో తరగతిలోనే చూస్తారు. అక్కడ రంగు మారిందని రాసి ఊరుకుంటారు. అదే రసాన్ని తెల్లని వెలుగుకు అడ్డుపెట్టి వర్ణపటం చూస్తే, రంగు మారడమంటే రసం మింగేసే భాగం వర్ణపటంలో ఒక చోటి నుంచి మరో చోటికి జరగడమని కంటికి కనిపిస్తుంది. ఆకుల నుంచి స్పిరిట్‌లోకి దించిన పత్రహరితం నీలంలో కొంత, ఎరుపులో కొంత మింగి ఆకుపచ్చను వదిలేస్తుంది. పంటచేను పచ్చగా ఎందుకుందన్న ప్రశ్నకు జీవశాస్త్రం, భౌతికశాస్త్రం ఒకే గ్రాఫులో కలిసి జవాబిస్తాయి.

మూడో పాఠం కొలత. నీళ్లలో కలిపిన తినే రంగు ద్రావణం ఒక సెంటీమీటరు మందంలో సగం కాంతిని ఆపేసిందనుకుందాం. రెండో సెంటీమీటరు, మిగిలిన సగంలో మళ్లీ సగాన్ని ఆపుతుంది. పోయింది మొత్తం కాదు, నాలుగోవంతు మిగిలింది. మూడోదాని తర్వాత ఎనిమిదోవంతు. మిగిలిన కాంతి ఇలా గుణకాల్లో తరిగిపోతుంటే, దాని సంవర్గమానంతో కట్టే శోషణాంకం 0.3, 0.6, 0.9 అంటూ సమానమైన అడుగులు వేస్తుంది. మందానికి బదులు గాఢత పెంచినా ఇదే వరుస. బూగే, లాంబర్ట్, బియర్ పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో తేల్చిన నియమం ఇదే. తెలంగాణ పదో తరగతి గణితంలో వాస్తవ సంఖ్యల పాఠంలో సంవర్గమానాలు వస్తాయి. వాటికి భౌతిక ప్రపంచంలో ఉన్న పనిని పిల్లలు తమ చేతులతో చూడగలిగేది ఇక్కడే. తెలిసిన గాఢతలతో గ్రాఫు గీసి, తెలియని ద్రావణం ఆ గీత మీద ఎక్కడ పడుతుందో చూడటం నేర్చినవారికి ప్రతి ల్యాబు రిపోర్టు వెనుకా ఇలాంటి గీత ఒకటి ఉంటుందని అర్థమవుతుంది.

ఈ మూడో పాఠం మన ఊళ్ల నీటి దగ్గరికి తీసుకెళుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించిన తొలి వైద్య నివేదిక 1937లో ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతం నుంచే వచ్చింది. నల్గొండ బాధ తెలియనివారు లేరు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు లేకపోతే 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. దాన్ని కొలిచే ప్రసిద్ధ పద్ధతుల్లో ఒకదానిలో ఎర్రటి రంగు ద్రావణాన్ని నీటికి కలుపుతారు. ఫ్లోరైడు ఎంత ఎక్కువుంటే ఆ రంగు అంత పాలిపోతుంది. 570 నానోమీటర్ల దగ్గర ఆ పాలిపోవడాన్ని కొలుస్తారు. అందులో వాడే ఆమ్లాల దృష్ట్యా అది టీచరు చేసి చూపాల్సిన ప్రయోగమే. అయినా రంగు ద్రావణాలతో గ్రాఫు గీసిన పిల్లలకు, ఊరికి వచ్చిన నీటి రిపోర్టులోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఇక అంతుపట్టని విషయంగా ఉండదు.

పరిశోధనలు చేసే హెచ్చరిక

పరికరం వస్తే చదువు దానంతటదే బాగుపడుతుందని ఎవరైనా అంటే నమ్మకూడదు. సభ్యదేశాల్లో బడి కంప్యూటర్ల మీద పెట్టిన ఖర్చును పరిశీలించిన ఓఈసీడీ 2015 నివేదిక, ఎక్కువ పెట్టుబడి పెట్టిన దేశాల్లో చదవడం, గణితం, సైన్సు ఫలితాల్లో చెప్పుకోదగిన మెరుగుదల కనిపించలేదని తేల్చింది. ప్రయోగాల సంగతి కూడా అంత తేలిక కాదు. ఇంగ్లండులో ఇయాన్ అబ్రహామ్స్, రాబిన్ మిల్లర్ 25 ప్రయోగ పాఠాలను గమనించి 2008లో వెల్లడించిన అధ్యయనం, పిల్లల చేత అనుకున్న పని చేయించడంలో ఆ పాఠాలు సఫలమయ్యాయని, అనుకున్న భావనతో ఆలోచింపజేయడంలో మాత్రం చాలావరకు వెనకబడ్డాయని చెప్పింది. మన ల్యాబుల్లో రికార్డు బుక్కు నింపే తీరు తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. చేతులు పనిచేస్తాయి, బుర్రకు పని తగలదు.

వేరే కోణం నుంచి ఆశ కలిగించే ఆధారమూ ఉంది. 1987లో హెదర్ బ్రాసెల్ అమెరికాలో హైస్కూలు భౌతికశాస్త్ర విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, కదలికను సెన్సర్ కొలుస్తుండగానే తెర మీద గ్రాఫు గీస్తే విద్యార్థులు గ్రాఫులను అర్థం చేసుకోవడం మెరుగైంది. అదే గ్రాఫును 20 సెకన్లు ఆలస్యంగా చూపిస్తే ఆ లాభంలో ఎక్కువ భాగం పోయింది. తాను చేసిన పనికీ తెర మీద మారిన గీతకూ మధ్య సంబంధం కళ్లముందే కట్టుబడాలన్నమాట. కదలిక గ్రాఫుల్లో తేలిన ఈ సంగతి వర్ణపటాలకూ వర్తిస్తుందని అనుకోవడానికి కారణం ఉంది. ద్రావణంలో చుక్క ఆమ్లం వేయగానే గ్రాఫులోని గుంట పక్కకు జరిగితే, ఆ జరగడానికి కారణం ఏమిటని పిల్లవాడు తనంతట తనే అడుగుతాడు. అంకె ఒక్కటే వచ్చే పరికరంలో అలా కళ్లముందు కదిలేదేమీ ఉండదు. ఈ అధ్యయనాలను కలిపి చదివితే తేలేది ఇది: పరికరానికి విలువ దాని లోపల లేదు, ఆ పీరియడ్‌లో టీచరు అడిగే ప్రశ్నల్లో ఉంది. ఆ ప్రశ్నలకు చోటిచ్చే పరికరాలూ ఉన్నాయి, చోటివ్వనివీ ఉన్నాయి.

అభ్యంతరాలకు జవాబు

పరీక్షనాళికలే సరిగా లేని బడికి వర్ణపటమాపకమా అన్నది మొదటి అభ్యంతరం. ఇది న్యాయమైన ప్రశ్న. సైన్సు టీచరు పోస్టు ఖాళీగా ఉన్న చోట ముందు ఆ ఖాళీ నింపాలి, పరికరం ఆ లోటు తీర్చదు. కానీ పరీక్షనాళిక, అట్ట వర్ణపటదర్శిని ఒకదానికొకటి పోటీ కావు. రెండోదానికి అయ్యే ఖర్చు అట్ట, బ్లేడు, పాత డీవీడీ మాత్రమే. గ్రాఫు గీసే పరికరం ప్రతి బడికీ కొనక్కర్లేదు. దగ్గర దగ్గర బడులు కలిసి ల్యాబులను, సామగ్రిని పంచుకునే స్కూల్ కాంప్లెక్సుల విధానాన్ని 2020 జాతీయ విద్యావిధానమే సూచించింది. ఒక కాంప్లెక్సుకు రెండు మూడు పరికరాలు, వారానికో బడికి తిరుగుతూ వస్తే సరిపోతుంది. అసలు వసతులు తక్కువగా ఉన్న బడికే ఈ పాఠం ఎక్కువ అవసరం, ఎందుకంటే ఖరీదైన బడి పిల్లలకు ఇది మరో దారిలో దొరుకుతుంది.

కంప్యూటర్లో చూపిస్తే చాలదా అన్నది రెండోది. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం, ఉపయోగకరం, శోషణ నియమానికి ప్రత్యేకంగా ఒకటి ఉంది కూడా. పాఠం తర్వాత భావనను గట్టిపరచుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. అయితే సిమ్యులేషన్‌లో దాన్ని రాసినవారు పెట్టినదే ఉంటుంది. తమ తరగతి గదిలోని రెండు తెల్లని దీపాలు రెండు వేర్వేరు వెలుగులని పిల్లలకు తెలిసినప్పుడు, ఆ సంగతి ఎవరూ వారికోసం ముందే రాసిపెట్టలేదు. ప్రకృతి తమ ప్రశ్నకు జవాబివ్వగలదన్న నమ్మకం ఆ అనుభవం నుంచే వస్తుంది.

చవక పరికరాలు తప్పు అంకెలిస్తాయన్నది మూడో అభ్యంతరం. నిజమే. ఫోన్ కెమెరా వెలుతురును బట్టి తనంతట తనే సర్దుకుంటుంది, మూడు రంగుల వడపోతలతో పనిచేస్తుంది. అందువల్ల గీత ఎక్కడుందో బాగానే చెబుతుంది కానీ ఎంత ప్రకాశంగా ఉందో చెప్పడంలో నమ్మదగినది కాదు. హీలియం గీతను సోడియం గీతల నుంచి మన అట్ట డబ్బా విడదీయలేదు. ఆ పరిమితిని దాచకుండా పాఠంలో భాగం చేయాలి. ఏ ప్రశ్నకు ఈ పరికరం చాలుతుంది, ఏ ప్రశ్నకు చాలదు అని చెప్పగలిగిన విద్యార్థి, చాలా దశాంశ స్థానాల దాకా అంకె రాసి ఊరుకున్న విద్యార్థి కంటే ఎక్కువ సైన్సు నేర్చుకున్నట్టు. మరో సంగతి కూడా ఉంది. జ్వాలా పరీక్షలో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు ఇప్పుడు ఊహించి రాస్తున్నారు. వర్ణాంధత ఉన్న ఆ పిల్లలకు గ్రాఫు మీది శిఖరం మిగతావారితో సమానమైన చోటిస్తుంది.

అన్నిటికంటే బరువైనది నాలుగో అభ్యంతరం. పిల్లలు పక్కింటి పాలను, ఊరి దుకాణంలో పసుపును పరీక్షించి కల్తీ అని ప్రచారం చేస్తే? ఒక చిన్న వ్యాపారి జీవనం దెబ్బతినవచ్చు. సాక్ష్యానికీ తీర్పుకూ తేడా తెలియాల్సిన అవసరం అన్నిచోట్ల కంటే ఇక్కడ ఎక్కువ. పసుపులోని కర్‌క్యుమిన్ 425 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని మింగుతుంది. కల్తీకి వాడే మెటానిల్ ఎల్లో కూడా దానికి దగ్గర్లోనే మింగుతుంది. దృశ్యకాంతి గ్రాఫు ఒక్కదానితో రెండింటినీ కచ్చితంగా విడదీయడం కష్టం. మరో కల్తీ పదార్థమైన లెడ్ క్రోమేట్ కలిసిందా అన్నది తేల్చడానికి మూలకాలను గుర్తించే వేరే పరీక్ష కావాలి. కాబట్టి ‘425 దగ్గర శోషణ కనిపించింది’ అన్నది విద్యార్థి రాయగల వాక్యం. ‘ఈ పసుపు స్వచ్ఛమైనది’, ‘ఇది కల్తీది’ అన్నవి రాయకూడని వాక్యాలు. నమూనాలకు దుకాణం పేరు రాయకూడదని, అనుమానం వస్తే ఆహార భద్రతా విభాగం ల్యాబుకే పంపాలని నియమం పెట్టాలి. కల్తీ వీడియోలు ఫోన్లలో రోజూ తిరుగుతున్న కాలంలో, చూసినదానికి మించి మాట్లాడకపోవడం నేర్పే పాఠం బడి బయట కూడా పనికొస్తుంది.

చివరిది పరీక్షల గోడ. సిలబస్ పూర్తిచేయడానికే టైం చాలని టీచర్లకు ఇది అదనపు బరువు కాదా? కొత్త పాఠంగా చేరిస్తే బరువే. కానీ పరమాణు నిర్మాణం, కాంతి విక్షేపణం, ఆమ్లాలు క్షారాలు, కిరణజన్య సంయోగక్రియ ఇప్పటికే సిలబస్‌లో ఉన్నాయి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి చోటు ఉంది. చార్టు మీద బొమ్మ అతికించి మార్కులు తెచ్చుకునే చోట, తాము కొలిచిన ఒక గ్రాఫు, దాని మీద తాము రాసుకున్న మూడు వాక్యాలు అడిగితే అదనపు పీరియడ్ అక్కర్లేదు.

కొనుగోలుకు ముందు

అటల్ ఇన్నొవేషన్ మిషన్ 2016 నుంచి పదివేలకు పైగా బడుల్లో టింకరింగ్ ల్యాబులు పెట్టింది. వచ్చే అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. అంటే డబ్బు వస్తోంది, కొనుగోలు జాబితాలు తయారవుతాయి. ఆ జాబితాల్లో వర్ణపట పరికరం చేరేటప్పుడు కొన్ని షరతులు ఉండాలి. పరికరం తాను కొలిచిన పూర్తి వర్ణపటాన్ని చూపించాలి, ఆ అంకెలను పిల్లలు తీసుకుని తమ చేత్తో గ్రాఫు గీసుకునే వీలుండాలి. తెలిసిన దీపంతో దాన్ని సరిచూసుకునే వీలు బడిలోనే ఉండాలి. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయాలి. సూచనలు తెలుగులో ఉండాలి. చెడిపోతే విప్పి బాగుచేసుకోగలగాలి. వీటితో పాటు ప్రతి పరికరానికీ టీచర్ల శిక్షణకు విడిగా డబ్బు కేటాయించాలి. ఆ శిక్షణలో మీటలు నొక్కడం నేర్పడానికి గంట చాలు, మిగతా సమయమంతా పిల్లలను ఏ ప్రశ్న అడగాలి, వారు తప్పు జవాబిస్తే తర్వాతి ప్రశ్న ఏది అన్నదానికే ఇవ్వాలి. అట్ట వర్ణపటదర్శిని ప్రతి విద్యార్థీ సొంతంగా చేసుకున్నాకే రెండో మెట్టు పరికరం ఆ తరగతికి రావాలి.

ఈ పిల్లలు పెరిగి పెద్దయ్యేసరికి వారి రక్తాన్ని, నేలను, తిండిని, నీటిని ఏదో ఒక పరికరం చదివి అంకె చెబుతుంది. ఆ అంకె మీద రుణాలు, పంట ధరలు, మందులు ఆధారపడతాయి. దేన్ని కొలిచావు, దేనితో పోల్చావు, ఎంత తేడాకు అవకాశం ఉంది అని ఆ పరికరాన్నీ దాని వెనుక ఉన్నవారినీ నిలదీయగల పౌరులు ఉన్న సమాజంలోనే అలాంటి అంకెలు న్యాయంగా వాడబడతాయి. నిలదీయడం ఉపన్యాసంతో రాదు. తన చేత్తో చేసిన పరికరం తప్పు చెప్పగా చూసి, ఎందుకు చెప్పిందో కనిపెట్టి, సరిచేసుకున్నవారికే వస్తుంది. పదో తరగతి దాటేలోగా ప్రతి తెలుగు విద్యార్థికీ ఆ అవకాశం ఒక్కసారైనా ఇవ్వడం మన బడులకు సాధ్యమే. కావాల్సిన వెలుగు ప్రతి తరగతి గదిలోనూ ఉంది. దాన్ని పాఠంగా మార్చే నిర్ణయం విద్యాశాఖలు తీసుకోవాలి.